అందరూ కెప్టెన్లయితే తోలు కుట్టేదెవరు

రెండేళ్ళ కిందట మా అపార్ట్‌మెంట్‌లో ఒక పిల్లాడి పుట్టినరోజుకి సముద్రపు దొంగల థీమ్ పెట్టారు. పద్దెనిమిది మంది పిల్లలొచ్చారు, పద్దెనిమిది మందీ కెప్టెన్లే. నల్ల టోపీ, టోపీ మీద పుర్రె, ఒక కంటికి పట్టీ, చేతికి ప్లాస్టిక్ కొక్కెం. తల్లులమంతా ఒకే యాప్‌లో ఆర్డర్ పెట్టినట్టున్నాం, పుర్రెల నవ్వు కూడా ఒకేలా ఉంది. అందరూ అందలమెక్కితే మోసేవాళ్ళెవరని సామెత ఉంది కదా, ఆ సాయంత్రమంతా నాకదే గుర్తొచ్చింది. అంత పెద్ద ఓడకి ఒక్క వడ్రంగి లేడు. తెరచాప కుట్టేవాడు లేడు. వంటవాడు కూడా లేడు. కేకు కోసేసరికి సగం కొక్కేలు విరిగాయి, పట్టీల ఎలాస్టిక్కులు తెగాయి. తెల్లారి హౌస్‌కీపింగ్ ఆవిడ అన్నీ ఒక నల్ల కవర్లో ఊడ్చి పట్టుకుపోయింది.

నా తోలు పని ఆ కవరు దగ్గర మొదలైంది. ఈ రెండేళ్ళలో మా ఇంట్లో చుట్టి కట్టుకునే ఒక తోలు ఆటబల్ల, పదిహేను ఇత్తడి నాణేలు, మూడు చెక్క ఓడలు, నాలుగు పాచికల గిన్నెలు, ఒక సంచీ, మావాడి నడుముకి ఒక బెల్టు తయారయ్యాయి. చూసినవాళ్ళు ‘ఎంత ముద్దుగా ఉన్నాయో’ అంటారు. ‘అమ్మకూడదూ?’ అని కూడా అంటారు. రెండో మాటకి జవాబు చెప్పి చెప్పి విసుగొచ్చింది కాబట్టి అది వదిలేస్తాను. నా వాదన ఒకటే: సముద్రపు దొంగల ఆట ఆడాలని నిజంగా ఉంటే కెప్టెన్‌ని వదిలేసి ఆ ఓడలో చేతిపని చేసినవాణ్ణి పట్టుకోండి. అసలు సరుకంతా అతని దగ్గరే ఉంది.

ఎక్స్‌కెమెలిన్ అని ఒకాయన కరీబియన్ సముద్రపు దొంగల దగ్గర వైద్యుడిగా పనిచేశాడు. తను చూసినదంతా డచ్ భాషలో రాస్తే 1678లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. దోపిడీకి బయల్దేరే ముందు వాళ్ళు రాసుకునే ఒప్పందం అందులో వివరంగా ఉంది. దోచుకొచ్చిన సొమ్ములోంచి సిబ్బంది వాటాలు పంచుకోవడానికి ముందే, ఓడని బాగుచేసిన వడ్రంగికి 100 నుంచి 150 స్పానిష్ వెండి నాణేలు తీసి పక్కన పెట్టాలి. వైద్యుడికీ మందుల పెట్టెకీ 200 నుంచి 250. కుడి చెయ్యి పోయినవాడికి 600, ఎడమ కాలు పోయినవాడికి 400, కన్ను పోయినవాడికి 100. చేతికి బదులుగా 600 నాణేలు వద్దనుకుంటే ఆరుగురు బానిసల్ని తీసుకోవచ్చని కూడా రాసుకున్నారు. ఆ వాక్యం చదివాక వాళ్ళ మీద మోజు పెంచుకోవడం కష్టమే. ఇవన్నీ పోగా మిగిలినదే అందరికీ. దోపిడీ దొరక్కపోతే ఎవరికీ ఏమీ లేదు.

మన పిల్లలకి కొక్కెం ఫ్యాషన్. వాళ్ళకది నష్టపరిహారం లెక్క.

ఇంకో ఓడని పట్టుకున్నప్పుడు అందులోని మామూలు నావికుల్ని ‘మాతో వస్తారా’ అని అడిగేవాళ్ళు. వడ్రంగినీ, పీపాలు చేసేవాణ్ణీ, వైద్యుణ్ణీ మాత్రం చాలాసార్లు అడక్కుండానే లాక్కుపోయేవాళ్ళు. ఎందుకో అర్థం చేసుకోవడానికి ఓడ అడుగుకి వెళ్ళాలి. చెక్క ఓడలోకి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. ఆ నీళ్ళు తోడే పంపుల్లో కవాటాలు తోలువి. తెడ్డు ఓడ అంచుకి రాసుకునే చోట చుట్టేది తోలు. నిప్పంటుకుంటే అందుకునే బకెట్ తోలుది. బూట్లు, కత్తి ఒరలు, మందుగుండు సంచులు సరేసరి. మన పల్లెల్లో మోట బావికి తోలు తొండం ఎంతో ఆ ఓడకి తోలు అంత. అది చిరిగితే ఇక్కడ పొలం ఎండుతుంది, అక్కడ ఓడ మునుగుతుంది. ఇది రాసే వీరగాథలు నాకెక్కడా కనపడలేదు.

ఆట విషయంలోనూ అంతే. మేరీ రోజ్ దొంగల ఓడ కాదు, ఇంగ్లండ్ రాజుగారి యుద్ధనౌక. 1545లో మునిగింది, 1982లో పైకి తీశారు. పాచికలు వేసి ఆడే బ్యాక్‌గామన్ ఆట పెట్టె ఒకటి అందులో దొరికింది. ఎక్కడ దొరికిందంటే, వడ్రంగుల గదిలో. తమ ఆట తామే చేసుకున్నారో, కొనుక్కున్నారో గానీ, సాయంత్రం పూట ఆ గదిలో ఎవరు కూర్చుని ఆడి ఉంటారో ఊహించుకోవడం నాకిష్టం. ఇక దొంగల సంగతి. బార్తోలోమ్యూ రాబర్ట్స్ ఓడలో అమలైన కట్టుబాట్లని 1724లో లండన్‌లో అచ్చువేశారు. వాటిలో ఒకటి: డబ్బు పెట్టి పేకాటా పాచికలూ ఆడకూడదు. రాత్రి ఎనిమిదికి దీపాలు ఆర్పేయాలి. మా హాస్టల్ వార్డెన్ కూడా తొమ్మిదిన్నర దాకా ఉండనిచ్చేది. అంచేత మా ఇంట్లో పాచికలకి చింతపిక్కలే పందెం.

ఇక మేం చేసిన ఆట. బయట అమ్మే సముద్రపు దొంగల ఆటల్లో చాలావాటికి రూల్స్ పుస్తకం ముప్పై పేజీలుంటుంది. నాకంత ఓపిక లేదు. మా అమ్మమ్మ ఊళ్ళో రామాలయం అరుగు మీద చెక్కిన పులిజూదం గుర్తొచ్చింది. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకని దాటి దూకి తినేస్తుంది. మేకలు ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటాయి, పదిహేనూ వచ్చేదాకా కదలకూడదు. అన్నీ కలిసి పులుల దారులు మూసేస్తే గెలుపు మేకలది. ఆ రాత్రి నిద్రపట్టక పడుకుంటే తట్టింది: మూడు దొంగ ఓడలు, పదిహేను నాణేల సరుకు. ఆటలో ఒక్క రూలు కూడా మార్చక్కర్లేదు. ఇద్దరు ఆటగాళ్ళకి రెండు వేరే బలాలు. ఒకరికి దూకే కాళ్ళు, ఇంకొకరికి మంది. సముద్రం మీద దొంగలకీ వ్యాపారులకీ జరిగింది దాదాపు అదే.

నాణేలు ముందు చేశాను, ఎందుకంటే అవి తేలికనుకున్నాను. ఆ కాలపు స్పానిష్ 8 రియాల్ నాణెం సుమారు 27 గ్రాముల వెండి. సినిమాల్లో గుండ్రంగా, అంచులు నున్నగా చూపిస్తారు గానీ అప్పట్లో అమెరికా ఖండపు టంకశాలల్లో చాలావరకు వెండి కడ్డీని ముక్కలుగా నరికి, బరువు సరిపోయేదాకా అంచులు కత్తిరించి, సుత్తితో ముద్ర కొట్టేవాళ్ళు. ఒకదాని ఆకారం ఒకదానికి ఉండదు. మెక్సికోలో 1732 నుంచి యంత్రం మీద గుండ్రటివి కొట్టడం మొదలైంది. అంటే వంకరటింకరగా చేయడం చేతగానితనం కాదు, చరిత్రకి దగ్గరగా ఉండటం. ఈ ఒక్క ముక్క చదివాక నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

పాత సామాన్ల కొట్లో చిల్లుపడ్డ ఇత్తడి తాంబాళం దొరికింది. రేకు మందం ఒక మిల్లీమీటరు. నాణేలకి 38 మిల్లీమీటర్ల వెడల్పు పెట్టుకున్నాను, ఒక్కోటి తొమ్మిది గ్రాముల పైచిలుకు తూగింది. అసలు నాణెంలో మూడోవంతు బరువే, అయినా బల్ల మీద పెడితే ‘ఠక్’ మంటుంది. ప్లాస్టిక్ ఎప్పటికీ అనలేని మాట అది. రేకు కత్తెరతో కోసినప్పుడు ఇత్తడి బిగుసుకుంటుంది, పొయ్యి మీద ఎర్రబడేదాకా కాల్చి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది. గ్యాసు స్టవ్ మీద పట్టకారుతో తాంబాళం ముక్కలు కాలుస్తుంటే మా అత్తగారు వచ్చి నిలబడ్డారు. “పాలు పెట్టుకునే పొయ్యి మీద ఇవేంటమ్మాయ్?” అన్నారు. “డబ్బులు కొడుతున్నానత్తయ్యా” అన్నాను. ఆవిడ నవ్వలేదు. చిన్న పొయ్యి నాకిచ్చి, పెద్ద పొయ్యి జోలికి రావద్దన్నారు. ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది.

ఓడల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తెల్ల పొణికి చెక్కతో చేద్దామనుకున్నాను, కొండపల్లి బొమ్మలు చేసేది దానితోనే కదా. బొమ్మకి బాగుంటుంది, పావుకి మాత్రం తేలికైపోయింది. ఫ్యాను గాలికి ఓడ జరిగేది. ఫర్నిచర్ పనివాళ్ళ దగ్గర టేకు తుంపులు అడిగి తెచ్చి ఆకురాయితో అరగదీశాను. మూడు వారాలు, మూడు ఓడలు.

అసలు కథ తోలుది.

మొదట ఆన్‌లైన్‌లో ఒక తోలు పని కిట్ కొన్నాను, 2,400 రూపాయలు. దానితో పాటు ఒక తోలు షీటు. కిట్‌లో సూదులు, మైనం పట్టించిన దారం, చిల్లులు కొట్టే ముళ్ళపట్టీ, చిన్న సుత్తి, ఇంగ్లీషులో ఒక కాగితం ఉన్నాయి. తడిపి గీత గీస్తే గీత నిలుస్తుందని ఆ కాగితంలో ఉంది. నేను తడిపాను, గీశాను. కాసేపటికి గీత మాయమైంది. స్టీలు గ్లాసుకి చుట్టి ఆరబెట్టాను. విప్పగానే తువ్వాల్లా జారిపోయింది. అంచులు రుద్దితే మెరుస్తాయని ఉంది. రుద్దితే నా వేళ్ళు మెరిశాయి. వారం రోజులు నా చేతిలోనే ఏదో లోపమనుకున్నాను. అమ్మినవాళ్ళకి మెయిల్ పెడితే, వాడకందారులంతా సంతృప్తిగా ఉన్నారని జవాబొచ్చింది.

మా కాలనీ చివర ఫ్లైఓవర్ కింద చెప్పులు కుట్టే పెద్దాయన కూర్చుంటాడు. పిల్లాడి స్కూలు బూట్ల కోసం ఎన్నోసార్లు వెళ్ళాను గానీ ఆయన ముఖం సరిగ్గా చూసింది ఆరోజే. తోలు ముక్క చేతిలో పెట్టగానే అంచు తిప్పి చూశాడు. మధ్యలో బూడిదనీలం రంగు చూపించాడు. “ఇది మందు తోలు మేడమ్. చెట్టు తోలు కాదు. నమ్మకపోతే ఇంటికి పోయి చిన్న ముక్క కాగేనీళ్ళల ఎయ్యి. చెట్టు తోలైతే ముడుసుకపోతది. ఇది ఏం కాదు” అన్నాడు.

వేశాను. ఏం కాలేదు. ఆయన మందు అన్నది క్రోమియం లవణాలని. దాంతో ఊనిన తోలు మరిగే నీళ్ళకి కూడా తట్టుకుంటుంది, మెత్తగా ఉంటుంది, పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ప్రపంచంలో ఇప్పుడు తయారయ్యే తోలులో ఎక్కువ భాగం అదే, నా హ్యాండ్‌బ్యాగ్‌తో సహా. చెట్టు తోలు అంటే బెరడు తోలు. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసేసి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లంద తొట్టిలో వారాల తరబడి ఊరబెట్టేది. మనం బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు ఉందే, ఆ చెట్టు బెరడే. ఆ బెరడులోని వగరు తోలుకి పట్టి దాన్ని కుళ్ళకుండా ఆపుతుంది, బిగువునిస్తుంది. తడిస్తే మెత్తబడి చెప్పినట్టు వింటుంది, ఆరితే ఆ ఆకారంలోనే నిలబడిపోతుంది. పదిహేడో శతాబ్దపు ఓడలో ఉన్నది చాలావరకు బెరడు తోలే. క్రోమియం పద్ధతి పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. అంటే ఆ ఇంగ్లీషు కాగితం చెబుతున్న తోలు ఒకటి, వాళ్ళు పంపిన తోలు ఇంకొకటి.

బెరడు తోలు తమిళనాడు నుంచి ఆయనే తెప్పించిపెట్టాడు, తెలిసినవాళ్ళ ద్వారా. ఒక సగం తోలు. దాన్ని నేల మీద పరిచి, ఎక్కడ ఏం కోయాలో చేత్తో తడిమి చూపించాడు. “వీపు తోలు నిలబడ్తది, పొట్ట తోలు సాగుతది. బల్లకి వీపు దిక్కు తీసుకో. పొట్ట దిక్కు సంచీకి పెట్టు.” అప్పటికే ఆటబల్లని ఎక్కడ కోయాలో నేను పెన్సిలుతో గీసుకున్నాను, సగం పొట్ట మీదకి. అలాగే కోసి ఉంటే మొదటి వానాకాలానికే పులిజూదం త్రిభుజం ఒకవైపు ఒరిగిపోయేది.

కుట్టు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కిట్‌లో కాగితం చూసి నేను కుట్టింది బట్ట కుట్టినట్టు, ఒక సూదితో వెళ్ళి మళ్ళీ అదే సూదితో వెనక్కి రావడం. ఆయన నా కుట్టులో ఒక దారం పట్టుకుని లాగాడు, అంగుళం మేర వదులైపోయింది. “రెండు సూదులుండాలె. ఒక్కటే దారం, రెండు కొసలకి రెండు సూదులు. ఒకే చిల్లుల నుంచి ఇటుది అటు, అటుది ఇటు. ఒక దిక్కు తెగినా రెండోది పట్టుకుంటది.” అంతే, తోలు కుట్టు రహస్యం అంతే. కుట్టుమిషను వేసే కుట్టు ఇలా కాదు. దానిలో పైదారం, కిందదారం మధ్యలో ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి, ఒకటి తెగితే వరుసగా ఊడొస్తుంది. ఆయన ఆరెతో చిల్లు పొడిచే తీరు చూడాలి. పొడిచి తీసేయడు. ఆరె బయటికొస్తుండగా దాని వెంటే సూది లోపలికి పోతుంది, తోలు మళ్ళీ మూసుకునేలోపు. నా చేతికి అది రావడానికి నాలుగు నెలలు పట్టింది. కిట్‌లో వచ్చిన ముళ్ళపట్టీ ఇప్పుడు మావాడు బంకమట్టి మీద చుక్కలు పెట్టుకోవడానికి వాడుతున్నాడు.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. మొదటిరోజు ఆయన నా కుట్టు విప్పి, చూపించి, మళ్ళీ కుట్టినందుకు అరవై రూపాయలడిగాడు. “అరవయ్యా?” అన్నాను. నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది. వాడటం చేతగాని కిట్‌కి 2,400 ఫోన్‌లో బొటనవేలితో నొక్కి కట్టేసిన మనిషిని నేను. అక్కడ ధర తగ్గించమని అడగాలని కూడా తోచలేదు. ఇంటికొచ్చాక ఎక్స్‌కెమెలిన్ లెక్క గుర్తొచ్చి సిగ్గేసింది. మనుషుల్ని బానిసలుగా లెక్కగట్టిన దొంగలు కూడా పనివాడికి ముందు తీసి పక్కన పెట్టాకే వాటాలు వేసుకున్నారు. నేను ఫ్లైఓవర్ కింద అరవై దగ్గర ఆగిపోయాను.

మర్నాడు వెళ్ళి, నేర్పిస్తే గంటకింత అని మాట్లాడుకుందామన్నాను. ఆయన కాసేపు ఆలోచించి మూడొందలన్నాడు. సరేనన్నాను. ఆదివారాలు మధ్యాహ్నం, గిరాకీ పలచగా ఉన్నప్పుడు. ఇది నా మంచితనమని రాయడం లేదు. యోగా టీచరుకీ, పిల్లాడి కీబోర్డు మాస్టారుకీ ఇలా మాట్లాడుకునే ఇస్తాం కదా. ఇది పాఠమని నా బుర్రకి తట్టడానికి అంతకాలం ఎందుకు పట్టిందన్నదే ప్రశ్న.

జవాబు తెలియంది కాదు. మా ఇళ్ళలో తోలు పని ఎవరూ చేయలేదు. చేసే కులం వేరే అనుకున్నారు, వాళ్ళని ఊరి చివర ఉంచారు. మోటకి తొండం వాళ్ళు కుట్టాలి, కాళ్ళకి చెప్పులు వాళ్ళు కుట్టాలి, ఊళ్ళో కబురు చాటడానికి డప్పు వాళ్ళు కొట్టాలి, అరుగెక్కకూడదు. పులిజూదం చెక్కిన ఆ రామాలయం అరుగు కూడా అందరూ ఎక్కినది కాదు. మా అమ్మమ్మ దాని గురించి ఎంత ముచ్చటగా చెప్పినా ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు అదే ఆరె, తోలు కోసే అదే రంపె, అదే మైనం పట్టించిన దారం నా చేతిలోకి వస్తే దాని పేరు ‘లెదర్ క్రాఫ్ట్’. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే లైకులొస్తాయి. చేసే పని మారలేదు, చేసే చెయ్యి మారింది, పేరు హాబీ అయింది.

‘అందరూ చేస్తే మంచిదే కదా, పట్టింపు పోతుంది’ అని ఒక స్నేహితురాలు అంది. అంత సులువుగా పోతుందని నాకు నమ్మకం లేదు. నేను డైనింగ్ టేబుల్ మీద నాలుగు గిన్నెలు కుట్టినంత మాత్రాన ఎవరి బతుకూ మారదు, నాకది బాగా తెలుసు. నేను అడిగేది చిన్నది. ఇంటి దగ్గర తోలు పని మొదలుపెట్టే మనవాళ్ళు ‘యూట్యూబ్‌లో నేర్చుకున్నా’ అని గొప్పగా చెప్పుకునే ముందు, మీ వీధి చివర ఈ విద్య తెలిసిన మనిషి కూర్చునున్నాడేమో చూడండి. ఉంటే డబ్బిచ్చి నేర్చుకోండి. నేను పదకొండు వీడియోలు చూశాను. తోలుకి వీపు వేరు, పొట్ట వేరు అని ఒక్కటి చెప్పి ఉంటే ఒట్టు.

అత్తగారి సంగతి కూడా చెప్పాలి. ఇత్తడికి పొయ్యి ఇచ్చిన మనిషి తోలుకి టేబుల్ ఇవ్వలేదు. “వంటింటి పక్కన వద్దమ్మాయ్” అన్నారు. చెప్పుల స్టాండు హాల్లోనే ఉంది, నా హ్యాండ్‌బ్యాగ్ ఫ్రిజ్ మీదే ఉంటుంది. అవి తోలువే కదా అన్నాను. “అవి కుట్టినవి, ఇది కుట్టడం” అన్నారు. ఆవిడ ఆ మాటని ఆలోచించి అన్నారో లేదో తెలీదు గానీ, మొత్తం వ్యవహారాన్ని నాలుగు మాటల్లో అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు. నేను బాల్కనీలోకి మారాను. చలికాలం వచ్చాక, ఎవరూ ఏమీ మాట్లాడకుండానే, మళ్ళీ టేబుల్ దగ్గరికి వచ్చాను.

పాచికల గిన్నె దగ్గర నా తొందర నన్ను ముంచింది. తోలుని నీళ్ళలో బుడగలు ఆగేదాకా నానబెట్టి, స్టీలు గ్లాసుకి చుట్టి కట్టి, నీడలో రెండు రోజులు వదిలేయాలి. మర్నాడే పిల్లలు ఆడటానికొస్తున్నారని నేను ఓవెన్‌లో నూరు డిగ్రీల మీద పెట్టాను. కాగే నీళ్ళలో చెట్టు తోలు ముడుచుకుపోతుందని ఆ పెద్దాయన చెప్పిందే, నేను చేసి చూసిందే. తడి తోలు, వేడి ఓవెన్. నీళ్ళు లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. పావుగంటకి తలుపు తీస్తే నూనెలో వేసిన అప్పడంలా వంకరపోయి, గట్టిపడి, గ్లాసుని పట్టేసుకుని ఉంది. గ్లాసు ఇంకా దానిలోనే ఉంది. పెన్నులు పెట్టుకుంటున్నాను.

తర్వాతి నాలుగూ బుద్ధిగా ఆరాయి. వాటికి నలుపు వేసింది మాత్రం నేను బాగా చేశాననుకునే ఒకే ఒక్క పని. విదేశీ వీడియోల్లో వెనిగర్లో ఇనప మేకులు నానబెట్టమంటారు. మనకి శ్రీకాళహస్తి కలంకారీ ఉంది. వాళ్ళ నలుపు తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్ళలో పులియబెట్టి తీసేది. బట్టకి ముందే కరక్కాయ పట్టించి ఉంటుంది కాబట్టి, ఇనుము నీళ్ళు తగలగానే ఆ వగరుతో కలిసి నల్లబడుతుంది. బెరడు తోలులో ఆ వగరు నిండా ఉంది కదా అనుకున్నాను. సీసాలో తుప్పు మేకులు, బెల్లం వేసి మూడు వారాలు బాల్కనీలో పెట్టాను. వాసన గురించి పక్కింటివాళ్ళు అడిగితే ఊరగాయన్నాను. ఆ నీళ్ళు రంగులేని టీలా ఉంటాయి. బ్రష్‌తో తోలు మీద గీస్తే మొదట ఏమీ ఉండదు, తడి తప్ప. చూస్తుండగా అంచుల్లోంచి బూడిదరంగు లేస్తుంది, నీలం తిరుగుతుంది, ఒక నిమిషంలో కాకినలుపు. మావాడు ఆ ఒక్కటీ నాలుగుసార్లు చేయించుకున్నాడు. క్రోమియం తోలు మిగిలింది ఉంటే దాని మీద కూడా వేశాం. మురికి మరకలా మిగిలిపోయింది.

చాలామంది ‘పాతగా కనపడేలా చెయ్యండి’ అంటారు. ఇసుక కాగితంతో గీకడం, టీ నీళ్ళలో ముంచడం, అంచులు కాల్చడం. నిధి మ్యాపులకి ఎర్ర గుర్తు పెట్టి కాగితం కాల్చడం అయితే ప్రతి స్కూలు ప్రాజెక్టులోనూ ఉంటుంది. ఆ గుర్తు పెట్టిన మ్యాపు 1883లో స్టీవెన్సన్ నవల ‘ట్రెజర్ ఐలాండ్’ పుస్తకంగా వచ్చాక అందరి తలల్లోకీ ఎక్కింది, దొంగల ఓడల్లోంచి కాదు. ఓడలో పనివాడు చేసే ప్రతి వస్తువూ చేసిన రోజున కొత్తదే. దాన్ని కొత్తగానే వదిలేస్తాను. చేతి చెమటా కొబ్బరినూనె వేళ్ళూ చేయాల్సింది చేస్తాయి. ఇప్పటికే మా బల్ల మీద పులులు మొదలుపెట్టే చోటు తేనెరంగుకి తిరిగింది.

మా ఆడపడుచు స్కూల్లో సోషల్ చెబుతుంది. దసరాకి వచ్చి ఇవన్నీ చూసి, “బాగున్నాయి వదినా, కానీ దొంగల మీద పిల్లలకి ఇంత మోజెందుకు? గంజ్-ఇ-సవాయి సంగతి చెప్పావా వీడికి?” అంది. చెప్పలేదు. 1695 సెప్టెంబరులో హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషు దొంగ అరేబియా సముద్రంలో ఆ పేరున్న ఔరంగజేబు ఓడని పట్టుకున్నాడు. హజ్ చేసి మోఖా మీదుగా సూరత్‌కి తిరిగొస్తున్న యాత్రికులున్నారు అందులో. రోజుల తరబడి వాళ్ళని హింసించారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. ఎవరీ దొరకలేదు. అతని మనుషుల్లో కొందర్ని 1696లో లండన్‌లో ఉరితీశారు. ఇది దూరపు కరీబియన్ కథ కాదు, మన సముద్రంలో మన మనుషుల మీద జరిగింది. టోపీ మీద నవ్వే పుర్రెకి ఈ సంగతి తెలీదు.

ఆడపడుచుతో ఆ రాత్రి చాలాసేపు వాదించాను. రాముడు-సీత చీటీల ఆటలో దొంగ చీటీ వచ్చినవాడు దొంగైపోతాడా అన్నాను. “ఆ దొంగకి పుట్టినరోజు పార్టీ చేయం కదా” అంది. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. నేను చెప్పగలిగింది ఒకటే. కెప్టెన్ బొమ్మ చుట్టూ ఆట కడితే ఎవరీ లాంటివాడు హీరో కాక తప్పదు. పులిజూదంలో అలా కాదు. ఒకరు దొంగల వైపు ఆడితే ఇంకొకరు నాణేల వైపు ఆడాలి, తర్వాత చోట్లు మారాలి. నాణేల వైపు కూర్చున్నప్పుడు మొదటి అయిదారు పోతుంటే కడుపులో ఎలా ఉంటుందో ఆడినవాళ్ళకి తెలుసు. నిలబడి దారులు మూసుకుంటూ పోతే మూడు ఓడలూ కదల్లేక ఆగిపోతాయి. నిజం దొంగల కాలం ముగిసిందీ దాదాపు అలాగే. 1718 తర్వాత ఒక్కో రేవూ మూసుకుపోయి, దాక్కునే చోటు లేకుండా పోయింది. ఆడపడుచు పూర్తిగా ఒప్పుకోలేదు. నాణేల వైపు కూర్చుని నన్ను రెండుసార్లు ఓడించింది మాత్రం నిజం.

మావాడికి నేను చెప్పిన కథ వేరే. 1717 ఏప్రిల్ 26న అమెరికా కేప్ కాడ్ దగ్గర విడా అనే ఓడ తుఫానులో మునిగింది. బానిసల్ని మోయడానికి కట్టిన ఓడ, దొంగలు పట్టుకుని తమదిగా చేసుకున్నారు. 1984లో దాని శిథిలాలు దొరికాయి. వాటిలో ఒక చిన్న తోలు బూటు, ఒక పట్టు మేజోడు, ఒక చిన్న కాలి ఎముక ఉన్నాయి. ఎనిమిది నుంచి పదకొండేళ్ళ పిల్లాడిదని తేల్చారు. జాన్ కింగ్ అనే పిల్లాడు తల్లి వద్దంటున్నా దొంగల్లో చేరాడని రికార్డుల్లో ఉంది, ఆ బూటు అతనిదే అనుకుంటున్నారు. మావాడికి అప్పుడు పదేళ్ళు. “బూటు ఎలా మిగిలింది?” అన్నాడు. ఓడ పోయింది, పిల్లాడు పోయాడు, బూటు మిగలడమేంటని. బెరడు తోలు, నీళ్ళ అడుగున గాలి తగలని చోట, అని ఏదో చెప్పాను. వాడు తన బెల్టు తీసి కుట్టు వైపు చాలాసేపు చూశాడు.

ఆటబల్ల అంచుల కుట్టు పోయిన నెలలో పూర్తయింది. శిఖరాన ఒక చుక్క, మధ్యలో మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు, మొత్తం 23 చుక్కలు. చుట్టూ రెండు సూదుల కుట్టు, ఆరు వందల పైచిలుకు చిల్లులు. ఆదివారం పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ముందు వైపు, గీతలూ చుక్కలూ ఉన్న వైపు, ఆయన అసలు చూడలేదు. తిప్పి ఒళ్ళో పెట్టుకుని వెనక కుట్టు మీద బొటనవేలు నెమ్మదిగా పోనిచ్చాడు, ఒక మూల నుంచి మొదలుపెట్టి. మూడో వైపు మధ్యలో వేలు ఆగింది.

“ఇక్కడ చెయ్యి అలిసింది మేడమ్.”

నిజమే. ఆ రాత్రి పదకొండు దాటింది, ఇంకొక్క జానెడే కదా అని కుట్టుకుంటూ పోయాను. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. కింద నాలుగు కుట్లు మిగతావాటికంటే కొంచెం వాలి ఉన్నాయి.

“ఉంచమంటారా?” అన్నాను.

ఆయన జవాబు చెప్పకుండా బల్ల నా చేతికిచ్చి, పక్కనున్న రంపె తీసి పిడి నా వైపు తిప్పి పట్టుకున్నాడు.